చదివింపులు మైకులో, చెల్లింపులు 2035లో

మన పెళ్ళిళ్ళలో చదివింపుల ఘట్టానికి ఒక వరుస ఉంది. ముందు డబ్బు పళ్ళెంలో పడుతుంది. పక్కన కూర్చున్నాయన దాన్ని లెక్కపెట్టి పుస్తకంలో రాసుకుంటాడు. ఆ తర్వాతే మైకాయన గొంతు సవరించుకుని ‘పెళ్ళికూతురి పెదమేనమామ గారు, వెయ్యి నూట పదహార్లు’ అని పందిరంతా వినబడేలా చదువుతాడు. పళ్ళెం మోగకుండా మైకు మోగదు. పల్లెటూరి బుద్ధులు, ఏం చేస్తాం!

నాగరిక ప్రపంచం ఈ తంతును తిరగేసి బాగుచేసింది. అక్కడ ముందు మైకు మోగుతుంది. చప్పట్లు పడతాయి, ఫొటోలు దిగుతారు. పుస్తకంలో ఏం రాయాలన్నదాని మీద పదేళ్ళు చర్చ నడుస్తుంది. ఎప్పటికో పళ్ళెంలో పడేది కూడా చాలావరకు అప్పే. వడ్డీతో తిరిగి కట్టుకోవాలి. దీనికి వాతావరణ ఆర్థిక సహాయమని పేరు. ఈ తంతు కోసం ఏటా ఒక నగరాన్ని ఎంచుకుని, వేలకు వేల మందిని విమానాల్లో దింపి, రెండు వారాలు విడిది ఇచ్చి సాగనంపే జాతర పేరు కాప్. పోలీసు అనుకునేరు. పోలీసైతే ఎవర్నో ఒకర్ని పట్టుకుంటాడు.

మచ్చుకు ఒక చదివింపు కథ చెబుతాను. 2009 డిసెంబరులో కోపెన్‌హేగన్‌లో సంపన్న దేశాలు మైకు అందుకున్నాయి. వాతావరణ మార్పును తట్టుకోవడానికి పేద దేశాలకు 2020 వచ్చేసరికి ఏటా పది వేల కోట్ల డాలర్లు సమకూరుస్తామని చదివించాయి. 2020 వచ్చింది, వెళ్ళింది. ఆ ఏడు కరోనా పాలైందిలే అనుకుందాం. 2021 కూడా వెళ్ళింది. 2022లో మొత్తానికి లక్ష్యం దాటామని, 11,590 కోట్లు ముట్టాయని లెక్క వెలువడింది. లెక్క తేల్చింది ఎవరయ్యా అంటే ఓఈసీడీ, అనగా ఇవ్వాల్సిన దేశాల సొంత సంఘం. పెదమేనమామే పుస్తకం ఒళ్ళో పెట్టుకుని తన పేరు ఎదుట తానే టిక్కు కొట్టుకున్నాడన్నమాట. ఆయన లెక్క ప్రకారమే, ప్రభుత్వాల ద్వారా కదిలిన సొమ్ములో మూడింట రెండు వంతులకు పైగా అప్పులు.

అసలు వినోదం ఆ పుస్తకం లోపలి పేజీల్లో ఉంది. ఏది వాతావరణ సహాయం, ఏది కాదు అన్న నిర్వచనం దేశాల మధ్య ఇంతవరకు కుదరలేదు. కాబట్టి ఎవరికి తోచింది వాళ్ళు రాసుకోవచ్చు. 2023లో రాయిటర్స్ విలేకరులు ఆ పద్దులు తిరగేశారు. ఇటలీ ప్రభుత్వం ఆసియాలో చాక్లెట్, జెలాటో ఐస్‌క్రీమ్ దుకాణాలు తెరుస్తున్న ఒక కంపెనీలో పెట్టుబడి పెట్టి, దాన్ని వాతావరణ పద్దులో రాసుకుంది. అమెరికా హైతీలో సముద్రపొడ్డు హోటల్ విస్తరణకు అప్పిచ్చి రాసుకుంది. బెల్జియం అర్జెంటీనా అడవుల్లో నడిచే ఒక ప్రేమకథా చిత్రానికి చేయూతనిచ్చి రాసుకుంది. జపాన్ బంగ్లాదేశ్‌లో బొగ్గు విద్యుత్ కేంద్రానికి, ఈజిప్టులో విమానాశ్రయ విస్తరణకు డబ్బిచ్చి అదీ రాసుకుంది. తప్పు పట్టకండి. ధ్రువాల దగ్గర మంచు ఎలాగూ కరుగుతోంది, కరిగేలోగా కోనులో పెట్టి అమ్మితే నష్టమేముంది? సముద్రం పైకొస్తోంది కదా, అది ఇంటిదాకా వచ్చేలోగా ఒడ్డున హోటల్ గది తీసుకుని దగ్గర్నుంచి చూడొచ్చు. జపాన్ వారి బొగ్గు కేంద్రం పాత వాటికన్నా కాస్త తక్కువ పొగ వదులుతుందట. ఆ తగ్గిన పొగ వాతావరణానికి చేసిన ఉపకారం, ఆ మిగిలిన పొగ బంగ్లాదేశ్‌కు చేసిన ఉపకారం.

పాత బాకీ ఇలా తీరింది గనక కొత్త బాకీ పెట్టాలి. 2024 నవంబరులో అందరూ బాకూ వెళ్ళారు. అజర్‌బైజాన్ రాజధాని బాకూ ప్రపంచంలో చమురు బావులు తవ్వడం తొలినాళ్ళలోనే నేర్చిన ఊరు. సభాధ్యక్షుడు ముఖ్తార్ బాబాయెవ్ మంత్రి కాకముందు అక్కడి ప్రభుత్వ చమురు కంపెనీలో ఏళ్ళ తరబడి ఉద్యోగం చేసినవాడు. దేశాధ్యక్షుడు ఇల్హామ్ అలియెవ్ ప్రారంభోపన్యాసంలోనే చమురు, గ్యాసు దేవుడిచ్చిన కానుకలని, వాటిని అమ్ముకున్నందుకు ఏ దేశాన్నీ నిందించరాదని సెలవిచ్చాడు. పేద దేశాలు ఏటా 1.3 లక్షల కోట్ల డాలర్లు కావాలన్నాయి. సంపన్న దేశాలు 30 వేల కోట్లు ఇప్పిస్తామన్నాయి. ఎప్పటికి? 2035కి. శుక్రవారం ముగియాల్సిన సదస్సు శనివారం దాటి, ఆదివారం తెల్లవారుజాముకు ఈడ్చుకొచ్చింది. సగం మందికి నిద్ర, మిగతా సగానికి విమానం టైము. సరిగ్గా అప్పుడు సభాధ్యక్షుడు సుత్తి ఎత్తి బల్ల మీద కొట్టేశాడు. ఆమోదం అయిపోయింది.

కొట్టాక భారత ప్రతినిధి చాందనీ రైనా లేచారు. ఇది ముష్టి మొత్తమనీ, ఈ పత్రం కంటికి చేసిన గారడీ అనీ, మా అభ్యంతరం వినకుండానే ఆమోదించారనీ కడిగేశారు. హాలు చప్పట్లతో మారుమోగింది. చప్పట్లు చక్కగా రికార్డయ్యాయి. పత్రంలో ఒక్క అంకె కదల్లేదు. సుత్తి అనే మాటకు మన జంధ్యాల ఇంకో అర్థం అలవాటు చేశాడు గదా, ఆ రెండర్థాలనూ ఒకే బల్ల మీద కలిపిన ఘనత మాత్రం ఐక్యరాజ్యసమితిది.

ఇంత పెద్ద విషయానికి ఓటింగ్ పెట్టరా అని అడుగుతారు మీరు. పెట్టరు. ఎందుకు పెట్టరో వినే ముందు కూర్చోవడానికి ఒక కుర్చీ చూసుకోండి. 1992లో రియోలో వాతావరణ ఒప్పందం కుదిరింది. 1995లో బెర్లిన్‌లో తొలి సదస్సు. సభ ఎలా నడవాలో చెప్పే నియమావళి ముసాయిదా అక్కడ బల్ల మీదికి వచ్చింది. అందులో 42వ నియమం, ఏకాభిప్రాయం కుదరనప్పుడు ఎంత మెజారిటీతో నిర్ణయం తేల్చాలన్నది. సౌదీ అరేబియా, తోటి చమురు దేశాలు అడ్డం తిరిగాయి. దాంతో ఏకాభిప్రాయం కుదరకపోతే ఏం చేయాలో చెప్పే నియమం మీద ఏకాభిప్రాయం కుదరలేదు. కుదరకపోతే ఏం చేయాలో చెప్పడానికి ఆ నియమమే గనక దిక్కు, అది ఇంకా ముసాయిదాలోనే ఉంది గనక, ఇక చేసేదేమీ లేదు. అర్థం కాకపోతే ఇంకోసారి చదవండి. తప్పు మీది కాదు, నాదీ కాదు. ఆనాటినుంచి ప్రతి సదస్సూ ఆ నియమావళిని, 42వ నియమం మినహాయించి, తాత్కాలికంగా వర్తింపజేసుకుంటూ మొదలవుతోంది. ముప్పై ఏళ్ళ తాత్కాలికం! మన కాంట్రాక్టు లెక్చరర్లు ఈ సంగతి విని కాస్త ఊరట పొందవచ్చు.

దీని ఫలితం రెండు రకాలు. అధ్యక్షుడి చెవులు బాగా పనిచేస్తే ఏ ఒక్క దేశం దగ్గినా పని ఆగిపోతుంది. ప్లాస్టిక్ చెత్త మీద ఒప్పందం రాస్తామని 2022లో నైరోబీలో తీర్మానించిన దేశాలు ఊరూరా తిరిగి, 2025 ఆగస్టులో జెనీవాలో చివరి రాత్రి చేతులు దులుపుకుని లేచింది ఇలాంటి జబ్బు వల్లే. అధ్యక్షుడి చెవులు పనిచేయకపోతే బాకూలో లాగా పని అయిపోతుంది. దుబాయ్‌లో 2023లో చెవులతోనూ అవసరం పడలేదు. అందరికన్నా ముందు మునిగేది చిన్న ద్వీప దేశాలు. ఆ ముప్పై తొమ్మిది దేశాల ప్రతినిధులు పక్క గదిలో కూర్చుని ఈ పత్రానికి ఏం సమాధానం చెప్పాలా అని తర్జనభర్జన పడుతుండగానే ఇక్కడ సుత్తి పడిపోయింది. వాళ్ళ తరఫున సమోవా ప్రతినిధి ఆన్ రాస్‌ముస్సెన్ లోపలికి వచ్చి, మేము గదిలో లేకుండానే కానిచ్చేశారే అన్నారు. అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఈ సదస్సుల్లో న్యాయం ఎవరి పక్షాన ఉందో తెలుసుకోవడం చాలా తేలిక. ఎక్కువ చప్పట్లు ఎవరికి పడ్డాయో చూసుకుంటే సరి, వాళ్ళకి ఏమీ దక్కలేదని అర్థం.

ఆ దుబాయ్ సదస్సుకు అధ్యక్షుడు సుల్తాన్ అల్ జాబెర్. ఆయన అబుధాబి ప్రభుత్వ చమురు కంపెనీకి అధిపతి. సదస్సు కోసం ఆ ఉద్యోగానికి సెలవు కూడా పెట్టలేదు. చమురు, గ్యాసు, బొగ్గు కంపెనీల తరఫున 2,456 మంది పైరవీకారులు అక్కడ బ్యాడ్జీలు తగిలించుకుని తిరిగారని కొన్ని స్వచ్ఛంద సంస్థలు పేర్లతో సహా లెక్క తీశాయి. అయినా ఒప్పుకోవాలి, శిలాజ ఇంధనాలన్నిటి నుంచీ మళ్ళాలన్న ముక్క ఒప్పంద పత్రంలోకి మొదటిసారి ఎక్కింది అక్కడే. రోగి పొగతాగడం మానాలి అని రాయడానికి వైద్యులకు ఇరవై ఎనిమిది సమావేశాలు పట్టింది. రెండేళ్ళ తర్వాత బ్రెజిల్‌లోని బెలెం నగరంలో ముగింపు పత్రంలోంచి ఆ మాట మాయమైంది.

బెలెం గురించి చెప్పకుండా దాటలేను. అమెజాన్ అడవి ముంగిట సదస్సు పెడితే అడవి విలువ ప్రపంచానికి తెలిసొస్తుందని అక్కడ పెట్టారు. సదస్సుకు కొన్ని నెలల ముందు, ఆ ఊరి శివార్లలో అడవిని చీల్చుకుంటూ 13 కిలోమీటర్ల నాలుగు వరసల రహదారి పడుతున్న దృశ్యాలు బయటికొచ్చాయి. ఆ దారికీ ఈ సదస్సుకూ సంబంధం లేదని, అది పాత ప్రణాళికేనని రాష్ట్ర ప్రభుత్వం చెప్పుకుంది. పైగా అందులో జంతువులు దాటడానికి ప్రత్యేక దారులున్నాయట, సౌర దీపాలున్నాయట. చెట్టు కొట్టేసిన చోట చెట్టు మీద పిట్టకు లైటు వేసి దారి చూపించడం కన్నా పర్యావరణ స్పృహ ఏముంటుంది? హోటల్ గదుల అద్దెలు ఆకాశాన్నంటాయి. ఆస్ట్రియా అధ్యక్షుడంతటివాడు ఖర్చు భరించలేక రానన్నాడు. వచ్చినవాళ్ళకు చోటు చాలక, రెండు విహార నౌకలు తెప్పించి రేవులో కట్టేశారు. నవంబరు 20న సభాప్రాంగణంలో నిజంగానే మంటలు లేచాయి. ప్రతినిధులంతా బయటికి పరుగులు తీశారు. మూడు దశాబ్దాల్లో కళ్ళెదుటి ప్రమాదానికి అన్ని దేశాలూ కలిసి, తక్షణమే, సవరణలు ప్రతిపాదించకుండా స్పందించిన సందర్భం బహుశా అదొక్కటే.

2026 సదస్సు ఎక్కడన్న పంచాయితీ కూడా బెలెంలోనే తెగింది. తుర్కియే మాకంటే మాకంది, ఆస్ట్రేలియా మాకంటే మాకంది. చివరికి సభ తుర్కియేలోని అంతాల్యాలో, చర్చలు నడిపించే పెత్తనం ఆస్ట్రేలియా చేతిలో అని సర్దుకున్నారు. సత్రం ఒకరిది, సుత్తి ఒకరిది. సహకారానికి ఇంతకన్నా నిదర్శనం అడగకూడదు.

ఈ మొత్తం వ్యవహారంలో నిజంగా సుస్థిరంగా అభివృద్ధి చెందుతున్నది ఒక్కటే, గడువు. పారిస్ ఒప్పందం ప్రకారం 2035 వరకు ఏం చేస్తారో చెప్పే ప్రణాళికలు 2025 ఫిబ్రవరి 10కల్లా ఇవ్వాలి. దాదాపు రెండొందల దేశాల్లో ఆ రోజుకి ఇచ్చినవి పట్టుమని పదిహేను లేవు. మన దేశం కూడా ఆ పదిహేనులో లేదు. సమయానికి ఇచ్చిన బుద్ధిమంతుల్లో అమెరికా ఒకటి. దిగిపోయే ముందు బైడెన్ ఇచ్చి వెళ్ళాడు. ఆ తర్వాతి నెలలో ట్రంప్ వచ్చిన రోజే పారిస్ ఒప్పందంలోంచి బయటికి నడుస్తున్నామని సంతకం చేశాడు. ఆయన నడవడం ఇది రెండోసారి. మధ్యలో బైడెన్ దేశాన్ని ఒకసారి లోపలికి తెచ్చాడు గనక మళ్ళీ బయటికి పోవడానికి వీలైంది. భూమి మాత్రం ఇలాంటి మర్యాదలు పాటించడం లేదు. సగటు ఉష్ణోగ్రత పెరుగుదల ఒకటిన్నర డిగ్రీ దాటకుండా చూద్దామని పారిస్‌లో అనుకున్నారు; 2024లోనే మొదటిసారి ఆ గీత దాటిందని ప్రపంచ వాతావరణ సంస్థ ప్రకటించింది. ఒక్క ఏడాది దాటినంత మాత్రాన ఒప్పందం తప్పినట్టు కాదు, దీర్ఘకాల సగటు చూడాలి అని కూడా చెప్పారు. నిజమే. కాకపోతే ఈ కథ మొత్తంలో చెప్పిన వేళకన్నా ముందే హాజరైనది ఎండ ఒక్కటే.

నష్టపరిహార నిధి సంగతి ఇంకా ముచ్చటగా ఉంటుంది. పొగ వదిలింది ఒకరైతే మునిగేది మేమా, మా నష్టం ఎవరు పూడుస్తారని 1991లో వనువాటు అనే చిన్న ద్వీపదేశం అడిగింది. ముప్పై ఒక్క ఏళ్ళ ఆలోచన తర్వాత 2022లో షర్మ్ ఎల్ షేక్‌లో, సరే ఒక నిధి పెడదాం అన్నారు. మరుసటేడు దుబాయ్‌లో మొదటి రోజే చదివింపులు మొదలయ్యాయి. చరిత్రలో అందరికన్నా ఎక్కువ పొగ వదిలిన దేశమైన అమెరికా కోటీ డెబ్భై అయిదు లక్షల డాలర్లు చదివించింది. అప్పటి మారకంలో మన రూపాయల్లో 145 కోట్లు. మన తెలుగులో ఒక పెద్ద హీరో సినిమా పూర్తి చేయడానికి అది చాలదు, పారితోషికాలకే సరిపోతుంది. ప్రపంచం మొత్తానికి పరిహారం అది. 2025లో ఆ నిధి పాలకమండలి నుంచి కూడా అమెరికా తప్పుకుంది. దుబాయ్‌లో అన్ని దేశాల చదివింపులూ కలిపితే సుమారు 70 కోట్ల డాలర్లు, అంటే ఆరు వేల కోట్ల రూపాయల లోపు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను, ఉత్తరాంధ్రను ఊడ్చేసినప్పుడు రాష్ట్ర ప్రభుత్వం వేసిన నష్టం అంచనా 21 వేల కోట్ల పైచిలుకు. భూగోళానికంతటికీ పోగుచేసిన చదివింపులు మా విశాఖ తుఫాను ఒక్కదానిలో మూడో వంతుకు కూడా రావు.

ఇదంతా తెల్లదొరల నిర్వాకం, మనం మాత్రం కడిగిన ముత్యాలం అనుకోవడానికి లేదు. మన తలసరి పొగ ప్రపంచ సగటులో సగానికి తక్కువ. ఆ మాట ఎన్నిసార్లు చెప్పినా న్యాయమే. ఆ న్యాయాన్ని అడ్డం పెట్టుకుని మనం ఏం చేశామన్నదే అడగాలి. 2021లో గ్లాస్గోలో నికర శూన్య ఉద్గారాలకు 2070 గడువు పెట్టుకున్నాం. అమెరికా 2050 అంది, చైనా 2060 అంది, మనం 2070 అన్నాం. ఈ ముగ్గురిలో ఒక్కరి ప్రతిజ్ఞకైనా, చేసిన నాయకుడు ఆ తేదీన జవాబు చెప్పడానికి నిలబడి ఉంటాడా? అదే గ్లాస్గోలో బొగ్గును ‘పూర్తిగా మానడం’ తీసేసి ‘తగ్గించడం’ అని పెట్టించినవాళ్ళమూ మనమే. సభాధ్యక్షుడు అలోక్ శర్మ కంటతడి పెట్టాడు. ఆ తగ్గించే ముచ్చట అంతకు కొన్ని రోజుల ముందే అమెరికా, చైనా తమ ఉమ్మడి ప్రకటనలో రాసుకున్నాయి గాని, మైకులో చదివింది మన మంత్రి గనక తిట్లు మనకే మిగిలాయి. అదే సదస్సులో ప్రధాని ప్రపంచానికి ‘లైఫ్’ అనే మంత్రం ఉపదేశించారు. పర్యావరణానికి అనువుగా ఎవరి జీవనశైలిని వాళ్ళు మార్చుకోవాలట. కాకినాడ పక్కన ఉప్పాడలో సముద్రం ఇళ్ళను, గుళ్ళను, బీచ్ రోడ్డును ఏళ్ళ తరబడి మింగుతోంది. అడ్డంగా జియో ట్యూబు గోడ వేస్తే దాన్నీ చీల్చి పారేసింది. అక్కడి మత్స్యకారుల జీవనశైలి ఇప్పటికే చాలా మారింది. ఇల్లు ఎటు జరపాలా అని చూసుకుంటున్నారు.

ఇక్కడ ఒక అప్రతిష్ఠాకరమైన విషయం బయటపెట్టక తప్పదు. ప్రపంచ దేశాలన్నీ కలిసి ఒకసారి పొరపాటున పని చేసేశాయి. 1985లో అంటార్కిటికా మీద ఓజోన్ పొరకు చిల్లు పడిందని తెలిసింది. 1987 సెప్టెంబరు 16కల్లా మాంట్రియల్‌లో ఒప్పందం మీద సంతకాలు. రెండేళ్ళు! ఫ్రిజ్‌లలో, ఏసీలలో, స్ప్రే డబ్బాల్లో వాడే సీఎఫ్‌సీ వాయువులను దశలవారీగా ఎత్తేశారు. ఓజోన్ పొర ఈ శతాబ్దం మధ్యకల్లా చాలావరకు కోలుకుంటుందని ఐక్యరాజ్యసమితి నిపుణులే 2023లో చెప్పారు. అది ఎలా సాధ్యమైందో ఆరా తీస్తే భూతదయ పెద్దగా కనబడదు. ఏకాభిప్రాయం కుదరకపోతే మూడింట రెండు వంతుల ఓటుతో గడువులు ముందుకు జరపొచ్చని ఒప్పందంలోనే రాశారు. చేరని దేశంతో ఆ వాయువుల వ్యాపారం బంద్ అని రాశారు. 1990లో లండన్‌లో భారత్, చైనా రెండూ మొండికేసి, డబ్బూ పరిజ్ఞానమూ పళ్ళెంలో పడితేనే సంతకం అన్నాయి. నిధి పెట్టారు, మీరిద్దరూ చేరితే 16 కోట్ల డాలర్లను 24 కోట్లు చేస్తామని దానికి షరతు తగిలించారు. ఇద్దరూ చేరారు. సీఎఫ్‌సీల తయారీలో పెద్దన్న డూపాంట్ కంపెనీ, మొదట్లో శాస్త్రవేత్తలను వెక్కిరించినా, ప్రత్యామ్నాయం అమ్ముకోవచ్చని తేలాక 1988లో మానేస్తానంది. ఓటు, శిక్ష, రొక్కం. చమురు దగ్గరికి వచ్చేసరికి పెద్దలు ఈ మూడూ జాగ్రత్తగా ఏరి పక్కన పెట్టారు. అంత కచ్చితంగా ఏరారంటే ఏవి పనిచేస్తాయో వాళ్ళకు బాగా తెలుసుననే నా అనుమానం.

వాతావరణ సదస్సుకు ఒక చెల్లెలు ఉంది, జీవవైవిధ్య సదస్సు. అదీ 1992 రియో సంతానమే. దానికి చెట్లూ, పిట్టలూ, పురుగులూ శాఖ. ఆ చెల్లెలు మన ఇంటికి కూడా వచ్చి వెళ్ళింది. 2012 అక్టోబరులో హైదరాబాద్ హెచ్‌ఐసీసీలో పదకొండో సదస్సు. ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి అయిదు కోట్ల డాలర్లతో ‘హైదరాబాద్ ప్రతిజ్ఞ’ ప్రకటించారు. పేద దేశాలకు జీవవైవిధ్యం కోసం వచ్చే నిధులను 2015కల్లా రెట్టింపు చేస్తామని దేశాలన్నీ నిర్ణయించాయి. అప్పటికే జపాన్‌లో పెట్టుకున్న ఇరవై లక్ష్యాలున్నాయి, 2020 గడువుతో. 2020లో చూసుకుంటే ఇరవైలో పూర్తిగా నెరవేరినది ఒక్కటీ లేదు. కొత్త లక్ష్యాలు పెట్టుకున్నారు, 2030 గడువుతో. 2024లో కొలంబియాలోని కాలి నగరంలో డబ్బు సంగతి తేల్చాల్సిన ఆఖరి ఘట్టానికి వచ్చేసరికి ప్రతినిధులు విమానాలు అందుకోవడానికి ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు. కోరం లేక సభ ఆగిపోయింది. మిగతా సంగతులు మాట్లాడుకోవడానికి మళ్ళీ 2025 ఫిబ్రవరిలో రోమ్‌లో కలిశారు. పక్షుల కోసం పెట్టిన సభను విమానాలు ఎత్తుకుపోయాయి.

రోమ్‌లో కలిసిన మరుసటి నెల. హైదరాబాద్ సదస్సు జరిగిన హాలుకు కొద్ది కిలోమీటర్ల దూరంలో, సెంట్రల్ యూనివర్సిటీని ఆనుకుని ఉన్న కంచ గచ్చిబౌలి నాలుగొందల ఎకరాల్లోకి జేసీబీలు దిగాయి. ఐటీ పార్కులకు స్థలం కావాలి. అది అడవి కాదు, ప్రభుత్వ భూమి అన్నారు. ఉగాది సెలవుల్లో, రాత్రుళ్ళు లైట్లు వేసుకుని మరీ చెట్లు పడగొట్టారు. అడ్డం వెళ్ళిన విద్యార్థులను పోలీసులు ఎత్తుకెళ్ళారు. నెమళ్ళు అరుస్తున్న వీడియోలు ఊరంతా తిరిగాయి. వాటిలో కొన్ని కృత్రిమ మేధతో చేసిన బొమ్మలని ప్రభుత్వం కేసులు పెట్టింది. అసలు నెమళ్ళ మీద మాత్రం కేసు పెట్టలేదు, అది ఒప్పుకోవాలి.

ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు దీన్ని తనంత తానే చేపట్టింది. హైకోర్టు రిజిస్ట్రారు వెంటనే ఆ చోటికి వెళ్ళి, అదే రోజు మధ్యాహ్నం మూడున్నరకల్లా నివేదిక ఇవ్వాలంది. ఇరవై ముప్పై ఏళ్ళ గడువులకు అలవాటుపడ్డ చెవులకు ఆ అంకె తప్పు వినబడిందేమో అనిపిస్తుంది. రిజిస్ట్రారు వెళ్ళాడు, చూశాడు. దాదాపు వంద ఎకరాలు చదును చేసేశారని, నెమళ్ళూ జింకలూ అక్కడే కనబడుతున్నాయని రాసిచ్చాడు. సాయంత్రానికి పనులు ఆగాయి. ఎవరూ ముసాయిదా అడగలేదు. నచ్చని ముక్క అంటూ దేన్నీ కుండలీకరణంలో పెట్టలేదు. తాత్కాలికంగా ఏ నియమం వర్తిస్తుందో చర్చించలేదు. మే నెలలో అప్పటి ప్రధాన న్యాయమూర్తి గవాయి ఇంకో మెట్టు ఎక్కి, ఆ అడవిని తిరిగి పెంచుతారా, అధికారులను జైలుకు పంపమంటారా, తేల్చుకోండి అని అడిగారు.

అంతాల్యాకు ఆ రిజిస్ట్రారు గారిని పంపితే బాగుండును. కానీ ఆయనకు లోపలికి వెళ్ళడానికి బ్యాడ్జి ఇవ్వరు. చమురు కంపెనీ వాళ్ళయితే ఇస్తారు.